అడవా, నీళ్లా? సీమలో ఒక రాత్రి టెంటు ఎక్కడ వేయాలి

నిండు చెరువు, దాని ఒడ్డునే పచ్చటి అడవి, చెట్ల కింద టెంటు, తెల్లారి లేస్తే నీళ్ల మీద మంచు. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లం క్యాంపింగ్ అనగానే మనసులో గీసుకునే బొమ్మ ఇదే. ఈ బొమ్మ మొత్తం ఒకే చోట దొరకడం మన ప్రాంతంలో అరుదు. అడవి చిక్కగా ఉన్నచోట నీటి ఒడ్డున రాత్రి ఉండనివ్వరు. నీళ్లు కనుచూపు మేర పరుచుకున్నచోట తలదాచుకోను నీడ ఉండదు. అందుకే ముందు మీకు రెండింట్లో ఏది ముఖ్యమో ఇంట్లోనే తేల్చుకోండి. అది తేలితే చోటు దానంతటదే తేలుతుంది. తేల్చుకోకుండా బయల్దేరినవాళ్లే సాయంత్రం ఆరింటికి ఏదో ఒక చెరువు కట్ట మీద బండి ఆపి, ఇప్పుడెక్కడికి పోవాలని ఫోన్లు చేస్తుంటారు.

ఇంకొకటి కూడా ముందే తేలాలి: నెల.

నీళ్ల నెలలు, అడవి నెలలు

మన జలాశయాల్లో చాలావాటికి నీళ్లొచ్చేది పడమటి కొండల్లో కురిసిన వానతో. కృష్ణకు వరదొచ్చి శ్రీశైలం నిండాక పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు బనకచర్ల చేరతాయి. అక్కడ దారులు చీలతాయి. ఒక దారి వెలుగోడు జలాశయానికి, అక్కణ్నుంచి తెలుగుగంగ కాలువలో బ్రహ్మంగారిమఠం దగ్గరి బ్రహ్మంసాగర్‌కు పోతుంది. ఇంకో దారి గోరుకల్లు, అవుకు మీదుగా గండికోటకు. శ్రీశైలం మామూలుగా జులై ఆఖరు, ఆగస్టు నాటికి నిండుతుంది. కింద ఉన్నవి నిండేసరికి సెప్టెంబరు, అక్టోబరు అవుతాయి. జనవరి దాటితే సాగుకూ తాగునీటికీ తోడేకొద్దీ మట్టం దిగిపోతుంది. మార్చికి ఒడ్డు ఎక్కడికో వెనక్కి జరిగి, మధ్యలో నెర్రెలిచ్చిన ఒండ్రు మిగులుతుంది. దాని పైపొర ఎండినట్టే కనిపిస్తుంది, కింద మాత్రం మెత్తగా ఉంటుంది. కార్లు దిగబడేది ఇక్కడే. ట్రాక్టరు పిలిస్తే తప్ప బయటికి రావు.

అడవి లెక్క వేరు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. పులుల అభయారణ్యాల్లో వానాకాలం మూడు నెలలు, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, సాధారణంగా సందర్శకులను రానివ్వరు. ఫిబ్రవరి దాటితే నల్లమల ఆకు రాలుస్తుంది, మోడుల మధ్య ఎండ నేరుగా నెత్తిన పడుతుంది, కార్చిచ్చు కాలం మొదలవుతుంది. ఎండాకాలంలో నీటి గుంటల దగ్గర జంతువులు కనిపించే అవకాశం ఎక్కువే, ఆ మాట నిజం. కానీ 42 డిగ్రీల వేడిలో టెంటులో పడుకోవడం పిల్లలకూ పెద్దవాళ్లకూ సాధ్యమయ్యే పని కాదు.

రెండు లెక్కలూ కలిసేది అక్టోబరు నుంచి జనవరి దాకా. అందులోనూ మా ఓటు డిసెంబరు, జనవరి నెలలకే. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కడప వైపు కుండపోతగా కురుస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అలాంటి వానకే. ఆ రెండు నెలల్లో వెళ్లాలనుకుంటే వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా కదలొద్దు. ఎండిన వంకలో, వాగు ఇసుకలో టెంటు అసలే వేయొద్దు. వాన మీ నెత్తిన పడనక్కర్లేదు, ఎగువ కొండల్లో పడినా చాలు, అర్ధరాత్రి వంక వచ్చేస్తుంది.

అడవే కావాలంటే: బైర్లూటి, పచ్చర్ల

నల్లమలలో రాత్రి ఉండటానికి చట్టప్రకారం ఉన్న దారి అటవీ శాఖ ఏర్పాటు చేసిన జంగిల్ క్యాంపులే. ఒకటి ఆత్మకూరు–దోర్నాల రోడ్డులో బైర్లూటి, రెండోది నంద్యాల–గిద్దలూరు రోడ్డులో పచ్చర్ల. సొంత టెంటు తీసుకుపోయి నచ్చిన చెట్టు కింద వేసుకుంటామంటే కుదరదు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి అడుగు పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, నిప్పు రాజేయడం ఇంకో నేరం. క్యాంపులో మంచాలు వేసిన పెద్ద గుడారాలుంటాయి, కాటేజీలుంటాయి. భోజనం వాళ్లే పెడతారు. జీపులో సఫారీకి తీసుకుపోతారు. అడవి ఆనుపానులు పుట్టినప్పటి నుంచి తెలిసిన చెంచులు అక్కడ పనిచేస్తుంటారు. పాదముద్ర ఎవరిదో, అరుపు ఏ జంతువుదో, ఏ చెట్టు బెరడు ఎందుకు పనికొస్తుందో వాళ్లు చెప్పింది వినడానికే ఒక రాత్రి ఉండొచ్చు. వాళ్ల గూడెంలోకి చెప్పాపెట్టకుండా పోయి ఫొటోలు మాత్రం తీయకండి.

రెండింట్లో బైర్లూటి లోపలికి ఉంటుంది, అడవి నిశ్శబ్దం అక్కడే ఎక్కువ. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా రెండు గంటల ప్రయాణం. అనంతపురం నుంచి నాలుగున్నర, ఐదు గంటలకు తక్కువ పట్టదు, కాబట్టి ఆ ఊరివాళ్లు రెండు రాత్రులు పెట్టుకుంటే తప్ప అలసటే మిగులుతుంది. పచ్చర్ల పెద్ద రోడ్డుకూ నంద్యాల–గిద్దలూరు రైలు మార్గానికీ దగ్గర. చేరుకోవడం తేలిక, బండ్ల మోత మాత్రం వదలదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ముసలివాళ్లను వెంట తీసుకుపోయేవాళ్లకు పచ్చర్ల సరిపోతుంది. అడవి కోసమే పోయేవాళ్లు బైర్లూటికి పోవాలి.

దారిలో తప్పులు రెండు జరుగుతుంటాయి. నల్లమల రోడ్ల మీద రాత్రిపూట గేట్లు మూస్తారు. ఆలస్యంగా బయల్దేరి చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతే తెల్లారేదాకా బండిలోనే కూర్చోవాలి. చీకటి పడకముందే క్యాంపు చేరేలా లెక్క వేసుకోండి. రెండోది పెట్రోలు. ఆత్మకూరు దాటాక దోర్నాల దాకా బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే దించుకోండి, క్యాంపు నంబరు కాగితం మీద రాసుకోండి. బుక్ చేసుకున్నవాళ్లందరి ఆధార్ కార్డులూ దగ్గరుండాలి. మద్యం, పారేసే ప్లాస్టిక్ చెక్‌పోస్టులో తీసేసుకుంటారు.

పులి కనిపిస్తుందన్న ఆశతో మాత్రం వెళ్లొద్దు. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు కనిపిస్తాయి, అదృష్టం బాగుంటే ఎలుగుబంటి. సఫారీలో ఉదయం మొదటి జీపు ఎక్కండి. ఎండ ముదిరాక జంతువులు నీడలోకి జారుకుంటాయి. మెరిసే బట్టలు, అత్తరు వద్దు. పొద్దు గూకాక క్యాంపు కంచె దాటి ఒక్క అడుగు కూడా వేయొద్దు. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర చిరుతపులి దాడిలో ఒక మహిళ చనిపోయింది. చీకటి పడే వేళ, తెల్లారే వేళ చిరుత తిరుగుతుంది. వంగి ఉన్న మనిషి, పొట్టిగా ఉన్న పిల్లవాడు దానికి వేటలా కనిపిస్తారు. పిల్లలను పెద్దవాళ్ల మధ్యలో నడిపించండి.

ఈ క్యాంపుల్లో లేనిది నీళ్ల ఒడ్డు. బోటింగు, ఈత కావాలని పట్టుబట్టే పిల్లలున్న కుటుంబానికి ఇది ఒక పూట తర్వాత విసుగు పుట్టిస్తుంది.

నీళ్లే కావాలంటే: గండికోట

టెంటులో పడుకుని కళ్లు తెరవగానే నీళ్లు కనిపించాలంటే సీమలో గండికోటను మించింది లేదు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, కడప నుంచి దాదాపు 80. అనంతపురం వాళ్లు తాడిపత్రి మీదుగా, కర్నూలు వాళ్లు బనగానపల్లె మీదుగా వస్తారు. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన లోయ ఇది. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. లోయలో నీళ్లెంత ఉన్నాయన్నది ఆ రెండింటి మీద ఆధారపడుతుంది. గండికోట జలాశయం సామర్థ్యం దాదాపు 27 టీఎంసీలు. నిండుగా ఉన్న ఏడాది డిసెంబరులో లోయ అడుగంతా పచ్చగా మెరుస్తుంది. మేలో పోతే సన్నటి పాయ చూసి, ఇదేనా అని వెనక్కి వస్తారు.

అడవి ఇక్కడ లేదు. ముళ్లపొదలు, బండలు, అక్కడక్కడా చెట్లు. ఇది తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

కోట లోపల మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాల దగ్గర టెంటు వేయడం, పొయ్యి వెలిగించడం కుదరదు. టెంట్లు కోట బయట, స్థానికులు అద్దెకిచ్చే స్థలాల్లో వేస్తారు. టెంటు వద్దనుకునేవాళ్లకు పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. ముసలివాళ్లను హరితలో పడుకోబెట్టి, కుర్రకారు టెంట్లలో ఉండటం చాలా కుటుంబాలకు సరిపోయే ఏర్పాటు.

అద్దె టెంటు తీసుకునేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మరుగుదొడ్డి ఎంత దూరం, దానికి నీళ్లున్నాయా, రాత్రి లైటుంటుందా. ఇచ్చే పరుపు మందమెంత, దుప్పటి ఇస్తారా. భోజనం ధరలో కలిసిందా. పక్క టెంట్ల వాళ్లు స్పీకర్లు పెడితే ఆపించే బాధ్యత ఎవరిది. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ శని, ఆదివారాల్లో గండికోటలో నిద్ర చెడేది ఎక్కువగా దీనివల్లే. నిశ్శబ్దం కావాలంటే సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళ్లండి, వేరే మందు లేదు. డబ్బు కట్టకముందే టెంటు జిప్పు మూడుసార్లు తెరిచి మూసి చూడండి. జిప్పు పోయిన టెంటు ఉన్నా లేనట్టే, దాని కారణం కింద చెబుతాం.

లోయ అంచు గురించి గట్టిగా చెప్పాలి. అక్కడ చాలాచోట్ల కంచె ఉండదు. బండ నున్నగా ఉంటుంది, తెల్లవారుజామున మంచు పడితే ఇంకా జారుతుంది. టెంటు అంచుకు కనీసం 50 అడుగులు వెనక ఉండాలి, టెంటు తలుపు అంచు వైపు తెరుచుకోకూడదు. రాత్రి నిద్రమత్తులో లేచిన మనిషి తలుపు ఎటుంటే అటే నాలుగడుగులు వేస్తాడు. పడుకునే ముందే మరుగుదొడ్డి వైపు దారికి రెండు మూడు చోట్ల చిన్న లైటు పెట్టండి. తలకు పెట్టుకునే టార్చి మనిషికొకటి ఉండాలి. ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చేయి పోతుంది. సెల్ఫీ కోసం వెనక్కి నడవొద్దు. సూర్యోదయం చూడటానికి కూర్చోండి, నిలబడొద్దు.

డిసెంబరులో ఐదుముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. టెంటు వేయడం, వంట సామాను దించడం వెలుతురులోనే అవ్వాలంటే సాయంత్రం నాలుగింటికల్లా అక్కడుండాలి.

లోయలో కయాకింగ్ ఉదయమే చేయండి. మధ్యాహ్నం తర్వాత గాలి లోయలోకి గరాటాలో పోసినట్టు వస్తుంది, ఎదురుగాలికి తెడ్డు వేయలేక చేతులు పడిపోతాయి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఇంకొకరిని భుజం పట్టీలు పట్టి పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే అది మీకు పెద్దదైనట్టు. నీళ్లలో పడితే మీరు కిందికి జారతారు, జాకెట్ పైన తేలుతుంది. పిల్లలకు పిల్లల సైజే ఉండాలి, లేకపోతే ఎక్కించొద్దు.

పక్కన ఉన్నా రాత్రికి పనికిరానివి

మ్యాపు చూస్తే వెలుగోడు బాగా ఊరిస్తుంది. దాదాపు 17 టీఎంసీల నీళ్లు, వెనక నల్లమల కొండలు, మొదట చెప్పిన బొమ్మ అచ్చం ఇదే. కానీ కొండ వైపు ఒడ్డు అటవీ శాఖది, కట్ట వైపు నీటిపారుదల శాఖది. సందర్శకులు రాత్రి ఉండే ఏర్పాటు లేదు. పగలు కట్ట మీది నుంచి చూసి, ఆత్మకూరు వైపు పోతూ సిద్దాపురం చెరువు దగ్గర ఆగి, రాత్రికి బైర్లూటి చేరితే బొమ్మలోని రెండు సగాలూ ఒకే రోజులో దొరుకుతాయి. కర్నూలు, నంద్యాల వాళ్లకు మేము చెప్పే మొదటి ఎంపిక ఇదే.

అనంతపురం వాళ్లకు దగ్గరి నీళ్లు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం జలాశయం. నరసింహస్వామి గుడికి పోయి వచ్చే దారిలో ఒక పూట గడపడానికి బాగుంటుంది. రెండోది కడప సరిహద్దులో, పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయం. 10 టీఎంసీల నీళ్లు, చుట్టూ కొండలు, బోటింగు ఏర్పాట్లు ఉన్నాయి. రెండూ పగటి చోట్లే. పార్నపల్లె పోవాలనుకుంటే బోట్లు నడుస్తున్నాయో లేదో పులివెందుల, కదిరి వైపు తెలిసినవాళ్లను అడిగి బయల్దేరండి. గాలి ఎక్కువైనా, మట్టం తగ్గినా ఆపేస్తారు.

కడప వాళ్లకు ఒక హెచ్చరిక. పాలకొండలు, లంకమల, సిద్దవటం, ఒంటిమిట్ట చుట్టుపక్కల అడవి కళ్లు చెదిరేలా ఉంటుంది. లంకమల అభయారణ్యం ప్రపంచంలో మరెక్కడా కనిపించని కలివికోడి అనే పక్షికి నెలవు. 1986లో అది మళ్లీ దొరికింది ఈ కడప పొదల్లోనే. అయినా ఈ అడవుల్లో చీకటి పడ్డాక తిరగొద్దు. ఇది ఎర్రచందనం నేల. రాత్రి అడవిలో టార్చి వెలుగు కనిపిస్తే గస్తీ వాళ్లు దొంగలనే అనుకుంటారు, దొంగలు గస్తీ వాళ్లనుకుంటారు. రెండింటిలో ఏదీ మీకు మంచిది కాదు.

కర్నూలులో ఉండి సగం రోజే తీరిక ఉంటే రెండు చోట్లున్నాయి. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాక్ గార్డెన్, నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువు పక్క నగరవనం. ఓర్వకల్లులో రాళ్ల మధ్య నీళ్లు, నడకదారి ఉన్నాయి. నడిఎండలో ఆ రాళ్లు పెనంలా కాలుతాయి కాబట్టి తొమ్మిదిలోపు, లేదా నాలుగు తర్వాత. గార్గేయపురం చలికాలం పక్షులకు బాగుంటుంది. మొదటిసారి టెంటు కొన్నవాళ్లు దాన్ని నేరుగా గండికోటకు తీసుకుపోకుండా ముందు ఇంటి మిద్దె మీద వేసి, ఒక రాత్రి పడుకుని చూడండి. ఏది తక్కువైందో మిద్దె మీద తెలిస్తే మెట్లు దిగి తెచ్చుకోవచ్చు.

నేలను బట్టి సామాను

అంగళ్లలో టెంటు అమ్మేవాళ్లు ఎంతమంది పడతారనే చెబుతారు. నలుగురి టెంటు అంటే నలుగురు భుజాలు తగులుతూ పడుకునేది, సంచులకు చోటుండదు. ముగ్గురికి నలుగురి టెంటు కొనండి. గండికోట బండ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, మేకు దిగదు. సుత్తితో కొడితే మేకు వంగుతుంది. అందుకే మేకులు లేకుండానే కమ్మీల మీద నిలబడే గుమ్మటం ఆకారపు టెంటే ఇక్కడ పనికొస్తుంది. నాలుగు మూలలా తాడు కట్టి, తాడు చివర తలకాయంత రాయి చుట్టి, దాని ముందు ఇంకో పెద్ద రాయి పెట్టండి. ఒకే రాయి గాలికి జరుగుతుంది, రెండో రాయి దాన్ని పట్టి ఉంచుతుంది. రాయి ఎత్తేముందు కర్రతో దొర్లించండి. తేలు, చిన్న పింజరి పాము ఎండవేళ దాక్కునేది దాని కిందే.

టెంటు కింద పరిచే టార్పాలిన్ టెంటు అడుగు కన్నా నాలుగు వైపులా రెండు మూడు అంగుళాలు చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే పైనుంచి జారిన వాననీళ్లు, మంచు దాని మీద నిలిచి టెంటు కిందికి చేరతాయి. పరుపు తడిసేది ఎక్కువసార్లు ఈ పొరపాటుతోనే. నీళ్ల పక్కన పడుకుంటే తెల్లారేసరికి టెంటు లోపలి గోడలు చెమటపడతాయి. వాన కురిసిందనుకుంటారు, అది మీ ఊపిరే. పై కిటికీ జాలీ కాస్త తెరిచి ఉంచితే తగ్గుతుంది. బండ మీద చలి కిందినుంచి ఎక్కుతుంది, అందుకని రెండు దుప్పట్లు ఉంటే ఒకటి కిందే వేసుకోండి. డిసెంబరు, జనవరిలో రాత్రి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. గాలికి అది ఇంకా తక్కువగా తోస్తుంది.

మంచినీళ్లు చలికాలంలో తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్లు లెక్క. నలుగురికి ఒక రాత్రికి 20 లీటర్ల క్యాను ఒకటి చాలు. ఫిబ్రవరి ఆఖరు నుంచి రెండు క్యాన్లు కావాలి. జలాశయం నీళ్లు గిన్నెలు కడగడానికే. సబ్బు నీళ్లు ఒడ్డుకు దూరంగా మట్టిలో పోయండి.

వంటకు చిన్న గ్యాస్ స్టవ్ మంచిది. 230 గ్రాముల గ్యాస్ డబ్బా పెద్ద మంట మీద గంటన్నర దాకా వస్తుంది. నలుగురికి రాత్రి అన్నం, పప్పు, పొద్దున టీ, ఉప్మా అంటే రెండు డబ్బాలు పట్టుకుపోండి. గాలికి అడ్డం లేకపోతే మూడోది కూడా చాలదు. రేకు అడ్డం పెడితే స్టవ్‌ను మాత్రమే చుట్టాలి, డబ్బాను కాదు. డబ్బా వేడెక్కితే పేలుతుంది. ఎండలో మూసిన కారులో డబ్బాలు వదలొద్దు. ఎంత వాన వచ్చినా టెంటు లోపల స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ వెలిగించొద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిజానికి ఒక్క రాత్రికి వంట పెట్టుకోకపోవడమే మేలు. ఇంటి నుంచి సద్ద రొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం కట్టుకుపోయి, పొద్దున దారిలో ఏదో ఒక ఊరి హోటల్లో వేడి ఉగ్గాని, బజ్జీ తింటే సగం సామాను ఇంట్లోనే ఉంటుంది.

పాము, తేలు, తేనెటీగ

జిప్పు మాట ఇప్పుడు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చీమో దోమో కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడం మొదలైతే అప్పటికే ఆలస్యమవుతుంది. జిప్పు పూర్తిగా మూసిన టెంటు దీన్నుంచి కాపాడుతుంది. చెప్పులు, బూట్లు టెంటు లోపలే పెట్టుకోండి, పొద్దున వేసుకునే ముందు దులపండి. తిన్న మెతుకులు టెంటు చుట్టూ పడేస్తే ఎలుక వస్తుంది, ఎలుక వెంట పాము వస్తుంది.

కాటు వేస్తే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి. కరిచిన చేయి లేదా కాలు కదలకుండా కర్ర బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేయండి, లేదా సొంత బండిలో బయల్దేరండి. పామును చంపి తీసుకుపోవాల్సిన పనిలేదు, మందు దొరికే చోటికి త్వరగా చేరడమే పని. గండికోట నుంచి జమ్మలమడుగు, బైర్లూటి నుంచి ఆత్మకూరు, పచ్చర్ల నుంచి నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రులు దగ్గర. రాత్రి గేటు మూసి ఉన్నా ప్రాణాపాయమని చెబితే తెరుస్తారు. క్యాంపు సిబ్బందిని వెంట తీసుకుపోండి. తేలు కుట్టి పిల్లలకు చెమటలు, వాంతులు పట్టినా ఇదే తొందర పడాలి.

లోయ గోడలకు, పెద్ద చెట్లకు కొండ తేనెటీగల పట్టులుంటాయి. పొగ, ఘాటైన అత్తరు, డ్రోన్ మోత వాటిని రేపుతాయి. లేచాయంటే చేతులు ఊపకుండా, తల కప్పుకుని, కారు దాకానో టెంటు దాకానో పరుగెత్తడమే. నీళ్లలోకి దూకొద్దు. మీరు తల బయటపెట్టేదాకా అవి పైనే తిరుగుతుంటాయి.

ఈత విషయంలో మా సలహా ఒక్కటే: జలాశయాల్లో దిగొద్దు. చెరువు ఒడ్డులాగా ఇక్కడ లోతు మెల్లగా పెరగదు. మూడో అడుగు మోకాలి లోతు ఉంటే నాలుగో అడుగు నిలువు లోతు ఉండొచ్చు. అడుగున ఒండ్రు కాలు పట్టేస్తుంది, మునిగిన తుమ్మచెట్ల కొమ్మలూ చేపల వలలూ చుట్టుకుంటాయి. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో మొసళ్లున్నాయి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం మూడు ఫోన్లు చేయండి. క్యాంపుకో టెంటు యజమానికో చేసి బుకింగ్ ఉందని మళ్లీ చెప్పించుకోండి. ఆ ఊళ్లో ఎవరినైనా పట్టుకుని నీళ్లెంత ఉన్నాయో, పై నుంచి గేట్లు ఎత్తారేమో అడగండి. ఇంట్లో ఉండిపోతున్నవాళ్లకు మీరెక్కడ పడుకుంటున్నారో, మర్నాడు ఎన్నింటికి సిగ్నల్ ఉన్నచోటికి వచ్చి ఫోన్ చేస్తారో చెప్పండి. ఆ వేళ దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే వాళ్లు ఎవరికి చేయాలో, ఆ నంబరు కూడా వాళ్ల చేతికిచ్చి బండి ఎక్కండి.